విద్యుత్ విపణికి ధర్మకర్తలు: న్యాయవాదికి ఉండవలసిన అర్హతలు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు నెలనెలా వచ్చే కరెంటు బిల్లులో రెండు ముఖ్యమైన భాగాలుంటాయి. విద్యుత్తును ఇంటిదాకా మోసుకొచ్చినందుకు చెల్లించే రుసుము ఒకటి. ఆ విద్యుత్తుకే చెల్లించే వెల రెండవది. ఈ రెండవ భాగం దేశంలోని అనేక ప్రాంతాలలో ఒక విపణిలో నిర్ణయమవుతుంది. ఆ విపణికి దుకాణాలు లేవు, తక్కెడలు లేవు. రేయింబవళ్ళు, అయిదేసి నిమిషాలకొకసారి, కంప్యూటర్ల మధ్య అక్కడ వేలం సాగుతుంటుంది.

ఆ వేలానికి నియమాలు నిర్ణయించేదెవరు? నియమం తప్పినవారిని నిలదీసేదెవరు? ఇందుకోసం ప్రతి ప్రాంతీయ విద్యుత్ విపణికీ ఒక పాలకమండలి, దాని కింద అనేక సంఘాలు ఉంటాయి. వీటిలో ఇంజనీర్లు, ఆర్థికశాస్త్రజ్ఞులు ఉండడం సహజమే. వారి సరసన ఇంధన చట్టాలలో అనుభవం గల న్యాయవాదికి కూడా ఒక కుర్చీ కేటాయించడం చాలాచోట్ల ఆనవాయితీ. తీగలు, టర్బైనులు ఉన్న చోట న్యాయవాదికి పనేమిటి? ఆ కుర్చీలో కూర్చోవడానికి పట్టా ఒక్కటే చాలునా? ఈ ప్రశ్నలకు సమాధానం తెలియాలంటే ముందుగా ఆ సరుకు స్వభావాన్ని, ఆ అంగడి తీరును తెలుసుకోవాలి.

నిలవ ఉండని సరుకు

బియ్యాన్ని గాదెలో పోసుకోవచ్చు. నూనెను పీపాలలో దాచుకోవచ్చు. విద్యుత్తుకు ఆ వెసులుబాటు చాలా తక్కువ. ఇటీవలి సంవత్సరాలలో లిథియం బ్యాటరీల కేంద్రాలు పెద్దయెత్తున వెలసినా, అవి సాధారణంగా కొన్ని గంటల అవసరాన్ని మాత్రమే తీర్చగలవు. అందువల్ల ఏ క్షణంలో ఎంత విద్యుత్తు వాడకం జరుగుతున్నదో, ఆ క్షణంలోనే అంత విద్యుత్తు ఉత్పత్తి కావాలి.

ఈ సమతుల్యతకు కొలమానం ఆవర్తన సంఖ్య, అనగా ఫ్రీక్వెన్సీ. అమెరికాలో ఇది సెకనుకు 60, భారతదేశంలో 50. ఒకే గ్రిడ్‌లోని టర్బైన్ జనరేటర్లన్నీ ఒకే కాడికి పూన్చిన ఎడ్లవలె అడుగు కలిపి నడుస్తాయి. వాడకం హెచ్చితే బండి బరువెక్కి నడక మందగిస్తుంది. వాడకం తగ్గితే వేగం హెచ్చుతుంది. నడక బాగా తప్పితే యంత్రాలు తమను తాము కాపాడుకొనడానికి ఒక్కొక్కటిగా గ్రిడ్ నుండి విడిపోతాయి. అప్పుడు మిగిలినవాటిపై భారం మరింత పెరిగి, రాష్ట్రాలకు రాష్ట్రాలే చీకటిలో మునిగిపోవచ్చు.

కనుక గ్రిడ్‌ను నడిపేవారు ఏ యంత్రం ఎప్పుడు ఎంత ఉత్పత్తి చేయాలో నిరంతరం ఆదేశిస్తూ ఉండాలి. ఆ ఆదేశాన్ని తక్కువ ఖర్చుతో ఇవ్వడానికే వేలం పుట్టింది.

వేలం జరిగే తీరు

ఒక ఊహాజనితమైన ఉదాహరణ తీసుకుందాం. ఒక ప్రాంతంలో నాలుగు విద్యుత్ కేంద్రాలున్నాయి. సౌర కేంద్రం 300 మెగావాట్లను ఇంధన ఖర్చు లేదు గనుక సున్న ధరకే ఇస్తానంటుంది. అణు కేంద్రం 400 మెగావాట్లను 10 డాలర్లకు, కొత్త గ్యాస్ కేంద్రం 400 మెగావాట్లను 30 డాలర్లకు, పాత గ్యాస్ కేంద్రం 200 మెగావాట్లను 90 డాలర్లకు ఇస్తామంటాయి. ఇవన్నీ ఒక్కొక్క మెగావాట్-గంటకు చెప్పిన ధరలు.

ఆ గంటలో 1000 మెగావాట్లు కావాలనుకుందాం. చౌకవాటితో మొదలుపెట్టి వరుసగా తీసుకుంటూపోతే, కొత్త గ్యాస్ కేంద్రం వద్ద లెక్క సరిపోతుంది. అప్పుడు ఆఖరున అవసరమైన కేంద్రం కోరిన 30 డాలర్లే అందరికీ ధర అవుతుంది. మొత్తం ఖర్చు 30,000 డాలర్లు. ఎండ ముదిరి, ఏసీలు జోరందుకొని వాడకం 1150 మెగావాట్లకు పెరిగితే పాత కేంద్రాన్ని కూడా పిలవాలి. ధర 90 డాలర్లకు చేరి, మొత్తం ఖర్చు 1,03,500 డాలర్లవుతుంది. వాడకం పెరిగినది నూటికి 15 వంతులు. ఖర్చు మూడింతలు దాటింది.

అందరికీ ఒకే ధర ఇవ్వడం వల్ల ఒక మేలున్నది. తన అసలు ఖర్చును దాచుకోవలసిన అవసరం ఎవరికీ ఉండదు. చౌకగా ఉత్పత్తి చేసేవారికి లాభం మిగులుతుంది, కొత్తవారు ఆ మార్గంలోకి వస్తారు. కాని ఇందులోనే ఒక ప్రమాదం కూడా పొంచి ఉన్నది. వాడకం 1050 మెగావాట్లుగా ఉన్న రోజున కొత్త గ్యాస్ కేంద్రం యజమాని తన 400 మెగావాట్లలో 100 మెగావాట్లు మరమ్మతులో ఉన్నాయని చెప్పాడనుకుందాం. సక్రమంగా నడిపి ఉంటే అతనికి 350 మెగావాట్లకు 30 డాలర్ల చొప్పున 10,500 డాలర్లు వచ్చేవి. ఇప్పుడు పాత కేంద్రం అవసరమై ధర 90 డాలర్లవుతుంది. 300 మెగావాట్లకే 27,000 డాలర్లు వస్తాయి. తక్కువ అమ్మి ఎక్కువ గడించాడు.

మరమ్మతు నిజమా, నెపమా? నెపమైతే అది నేరమా, వ్యాపార చాతుర్యమా? ఈ ప్రశ్నకు భౌతికశాస్త్రంలో సమాధానం లేదు. ఇక్కడే చట్టం ప్రవేశిస్తుంది.

ఎవరి అధికారం ఎంతవరకు?

ఒకే కాలువ రెండు ఊళ్ళ పొలాలకు నీరందించేటప్పుడు ఏ ఒక్క ఊరి పెద్దా వంతులు తేల్చలేడు. అమెరికా విద్యుత్ రంగానికి ఈ చిక్కు 1927లో ఎదురైంది. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ఒక కంపెనీ పొరుగున మసాచుసెట్స్‌లో ఉన్న ఆటిల్‌బరో కంపెనీకి దీర్ఘకాల ఒప్పందంపై విద్యుత్తును అమ్మేది. ఆ రేటు చాలదని రోడ్ ఐలండ్ అధికారులు పెంచగా, రాష్ట్రాల మధ్య సాగే వాణిజ్యంపై ఒక రాష్ట్రం ఇలా ఆంక్ష పెట్టరాదని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అంటే సరిహద్దు దాటిన టోకు విద్యుత్తు ఎవరి అదుపులోనూ లేకుండా పోయింది. ఆ లోటును పూరించడానికి 1935లో సమాఖ్య విద్యుత్ చట్టం వచ్చింది. టోకు అమ్మకాలు, అంతర్రాష్ట్ర రవాణా సమాఖ్య ప్రభుత్వం చేతికి, ఇళ్ళకు జరిగే చిల్లర అమ్మకాలు రాష్ట్రాల చేతికి వచ్చాయి. టోకు ధరలు న్యాయంగాను, సముచితంగాను ఉండి తీరాలన్నది ఆ చట్టానికి ప్రాణం. ఈ బాధ్యతను 1977 నుండి సమాఖ్య ఇంధన నియంత్రణ కమిషన్ నిర్వహిస్తున్నది. దానినే పొట్టిగా ఫెర్క్ అంటారు.

1996లో ఫెర్క్ ఇచ్చిన 888వ నంబరు ఉత్తర్వు ప్రకారం తీగల యజమానులు ఇతరుల విద్యుత్తును కూడా తమ విద్యుత్తుతో సమానమైన షరతులపై మోయవలసి వచ్చింది. విపణులకు ఇది బాట వేసింది. 1927లో పెన్సిల్వేనియా, న్యూజెర్సీలలోని మూడు కంపెనీలు కలిసి ఏర్పరచుకొన్న కూటమి పి.జె.ఎం. అనే ప్రాంతీయ సంస్థగా ఎదిగి, నేడు 13 రాష్ట్రాలలోను, రాజధాని వాషింగ్టన్‌లోను ఆరున్నర కోట్లకు పైగా ప్రజలకు సంబంధించిన గ్రిడ్‌ను, విపణిని నడుపుతున్నది.

టోకుకు, చిల్లరకు మధ్య గీసిన గీత కాగితం మీద తిన్నగా ఉన్నా, ఆచరణలో వంకరలు తిరుగుతుంది. 2016లోనే సుప్రీంకోర్టు ఈ గీతపై రెండు తీర్పులిచ్చింది. గిరాకీ హెచ్చిన వేళ వాడకం తగ్గించుకొన్నవారికి టోకు విపణి నుండి ప్రతిఫలం ఇచ్చే అధికారం ఫెర్క్‌కు ఉన్నదని జనవరిలో చెప్పింది. కొత్త విద్యుత్ కేంద్రానికి పి.జె.ఎం. వేలం ధరతో నిమిత్తం లేకుండా వేరే ఆదాయానికి హామీ ఇచ్చిన మేరీలాండ్ రాష్ట్ర పథకం చెల్లదని ఏప్రిల్‌లో చెప్పింది. ఒక విపణి సంఘం చేసే ప్రతి తీర్మానమూ ఈ గీతకు ఏదో ఒక పక్కన పడుతుంది. ఎటు పడుతుందో ముందుగా గుర్తించగలవారు గదిలో లేకపోతే, సంవత్సరాల శ్రమ కోర్టులో ఒక్క తీర్పుతో వృథా కావచ్చు.

కాలిఫోర్నియా నేర్పిన పాఠం

కాలిఫోర్నియా విపణి 1998లో మొదలైంది. గ్రిడ్ నిర్వహణ సంస్థకు 26 మంది సభ్యుల మండలి ఉండేది. అమ్మేవారు, కొనేవారు, వాడేవారు, అందరి ప్రతినిధులూ అందులో ఉన్నారు. అందరికీ చోటు దొరికితే న్యాయం దానంతటదే జరుగుతుందని భావించారు. కాని ఎవరి లాభనష్టాలు వారికున్నప్పుడు పొత్తు కుదరలేదు. 1999 డిసెంబరులో మెగావాట్-గంటకు సుమారు 30 డాలర్లున్న టోకు ధర 2000 డిసెంబరు నాటికి 300 డాలర్లు దాటింది. వంతులవారీ కోతలు వచ్చాయి. 2001 ఏప్రిల్‌లో రాష్ట్రంలోని అతి పెద్ద విద్యుత్ కంపెనీలలో ఒకటైన పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ దివాలా పిటిషన్ వేసింది.

ఈ సంక్షోభానికి కారణాలు అనేకం. వర్షాభావం వల్ల జలవిద్యుత్తు తగ్గింది, సహజవాయువు ధర పెరిగింది, టోకు ధర ఎంత పెరిగినా చిల్లర ధర పెరగకుండా చట్టం కట్టివేసింది. వీటికి తోడు నియమాలలోని సందులను వెదికి సొమ్ము చేసుకొన్నవారూ ఉన్నారు. ఎన్రాన్ సంస్థ ఎత్తుగడలను వివరిస్తూ 2000 డిసెంబరులో న్యాయవాదులు రాసిన పత్రాలను ఫెర్క్ 2002 మేలో బయటపెట్టింది. వాటిలో ‘డెత్ స్టార్’ అనేది ఒకటి. రద్దీగా ఉన్న తీగపై ఎదురు దిశలో విద్యుత్తు పంపుతామని చెప్పి, రద్దీ తగ్గించినందుకు ప్రతిఫలం తీసుకొనేవారు. అదే విద్యుత్తును మరో దారిన మొదటి చోటికే తిప్పి చూపించేవారు. నిజానికి కదిలినది కాగితమే. ఇటువంటి మోసాలను అరికట్టడానికి 2005 నాటి ఇంధన విధాన చట్టం ఫెర్క్‌కు స్పష్టమైన అధికారమిచ్చి, ఒక్కొక్క ఉల్లంఘనకు రోజుకు పది లక్షల డాలర్ల వరకు జరిమానాకు వీలు కల్పించింది.

మండలి సంగతి మరో మలుపు తిరిగింది. 2001 జనవరిలో రాష్ట్రం పాత మండలిని తొలగించి గవర్నరు నియమించే అయిదుగురిని కూర్చోబెట్టింది. అది స్వతంత్ర మండలి కాదంటూ, దానిని మార్చవలసిందని 2002లో ఫెర్క్ ఆదేశించింది. 2004లో వాషింగ్టన్‌లోని సమాఖ్య అప్పీలు కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. ధరలను ప్రభావితం చేసే పద్ధతులను సరిదిద్దే అధికారం ఫెర్క్‌కు ఉన్నా, ఒక సంస్థ పాలకులను తొలగించి వేరేవారిని పెట్టమనే అధికారం అందులో ఇమిడి లేదన్నది తీర్పు సారాంశం.

ఆ మండలి నియామకమే తరువాత పొరుగు రాష్ట్రాలకు సందేహకారణమైంది. 2014 నవంబరులో పసిఫీకార్ప్ కంపెనీతో కలిసి పశ్చిమ రాష్ట్రాలకు ఒక విపణి ఏర్పడినప్పుడు, “ఒక రాష్ట్రపు గవర్నరు నియమించినవారి చేతిలో మా విద్యుత్తు ధరను ఎలా పెడతాం?” అని ఇతర రాష్ట్రాలవారు అడిగారు. అందుచేత వివిధ వర్గాల ప్రతినిధులు గల ఎంపిక సంఘం ద్వారా అయిదుగురు సభ్యుల వేరొక మండలి ఏర్పడింది. 2025 సెప్టెంబరులో కాలిఫోర్నియా మరో చట్టం చేసి, విపణి పాలనను ఒక స్వతంత్ర ప్రాంతీయ సంస్థకు అప్పగించడానికి దారి తెరిచింది.

టెక్సాస్ శీతల రాత్రి

టెక్సాస్ గ్రిడ్ చాలావరకు తన రాష్ట్రానికే పరిమితమైనది. కనుక దాని విపణి ధరలపై ఫెర్క్ అధికారం లేదు. ఎర్కాట్ అనే సంస్థ దానిని నడుపుతుంది. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున ఘోరమైన చలిలో గ్యాస్ సరఫరాలు, విద్యుత్ కేంద్రాలు స్తంభించి ఫ్రీక్వెన్సీ 59.4 కంటె దిగువకు జారింది. 9 నిమిషాలు అక్కడే ఉంటే మరిన్ని కేంద్రాలు వాటంతటవే విడిపోయేవి. 4 నిమిషాల 23 సెకనుల తరువాత గ్రిడ్ తేరుకొన్నది. అందుకు చెల్లించిన మూల్యం లక్షలాది ఇళ్ళకు రోజుల తరబడి కోత. రాష్ట్ర ప్రభుత్వ లెక్క ప్రకారం ఆ తుపానులో 246 మంది మరణించారు.

రాష్ట్ర నియంత్రణ కమిషన్ ఆదేశంతో ధర గరిష్ఠ పరిమితి అయిన 9,000 డాలర్లకు చేరింది. అంటే యూనిట్‌కు 9 డాలర్లు. అయిదు కిలోవాట్ల హీటరును ఒక రోజంతా వాడితే 120 యూనిట్లు. ఆ రేటున 1,080 డాలర్లు. టోకు ధరకు ముడిపడిన పథకాలు తీసుకొన్న కుటుంబాలకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. కోతలు ముగిసిన తరువాత కూడా ఒక రోజుకు పైగా అదే ధర కొనసాగింది. ఆ ఉత్తర్వులు అధికార పరిధిని మించాయని 2023లో రాష్ట్ర అప్పీలు కోర్టు అనగా, 2024 జూన్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు అవి చెల్లుతాయని తీర్పునిచ్చింది.

ఎర్కాట్ మండలి సభ్యులలో కొందరు టెక్సాస్‌లోనే నివసించరని ఆ రోజులలో వెల్లడై, ప్రజాగ్రహం చెలరేగి, వారు రాజీనామాలిచ్చారు. 2021లోనే శాసనసభ సభ్యుల అర్హతలను మార్చి, వారు రాష్ట్రవాసులై ఉండాలని నిబంధన పెట్టింది. తీసుకొన్న నిర్ణయపు చలి తనకూ తగలాలన్నది ఇందులోని భావం. అది సబబైనదే. కాని ఒకే ఊరివాడైనంత మాత్రాన తీర్పరి కాలేడు.

మరి న్యాయవాదికి ఉండవలసినవేమిటి?

పి.జె.ఎం. నిబంధనావళిలో మండలి సభ్యుల అర్హతలు రాసిపెట్టి ఉన్నాయి. సంస్థల నాయకత్వం, ఆర్థిక, అకౌంటింగ్ రంగాలు, ఇంజనీరింగ్‌లతో పాటు విద్యుత్ సంస్థల చట్టాలు, నియంత్రణ అన్న అంశం కూడా అందులో కనిపిస్తుంది. కాని అర్హత అనేది ఒక్క మాటలో తేలేది కాదు. పైన చూసిన ఘటనలనుబట్టి దానిని అయిదు విధాలుగా విడదీయవచ్చు.

మొదటిది, పరిధి జ్ఞానం. ఏది సమాఖ్యది, ఏది రాష్ట్రానిది, ఏది ఎవరిదీ కాదు అన్నది తెలియాలి. 2004 తీర్పు చూపినట్లు సదుద్దేశంతో చేసిన పని కూడా అధికారం లేకపోతే నిలవదు.

రెండవది, యంత్రం పట్ల గౌరవం. న్యాయవాది టర్బైను నడపనక్కరలేదు. కాని 9 నిమిషాల గడువు అంటే ఏమిటో, రద్దీ తీగ అంటే ఏమిటో అర్థం చేసుకోవాలి. గ్రిడ్‌కు వాయిదాలు తెలియవు. ఇంజనీరును సరియైన ప్రశ్న అడిగి, సమాధానం అర్థమయ్యేదాకా మళ్ళీ అడగగల వినయం అవసరం.

మూడవది, సందులు పసిగట్టే చూపు. నియమాలను వంచడానికి తెలివైన న్యాయవాదులను నియోగించేవారు ఎప్పుడూ ఉంటారు. ముసాయిదాను చదువుతున్నప్పుడే “దీనిని ఎవరు, ఎలా వాడుకొనగలరు?” అని ఊహించగలవారు వేలం గదికి ఈవల కూడా ఉండాలి.

నాలుగవది, స్వతంత్రత. ఇదే అన్నిటికంటె కఠినమైనది. ఇంధన చట్టంలో ఇరవై యేళ్ళు గడించిన న్యాయవాది ఆ అనుభవాన్ని ఎవరో ఒక కక్షిదారు పక్షాన నిలబడే సంపాదించి ఉంటారు. అనుభవం కావాలి, ఆ ఋణానుబంధం మాత్రం ఉండరాదు. అందుకే విపణిలో పాల్గొనే సంస్థలలో వాటాలుండరాదని, పాత కక్షిదారుల వివరాలు ముందే వెల్లడించాలని, వారి వ్యవహారం చర్చకు వస్తే లేచి పక్కకు తప్పుకోవాలని నియమాలు పెట్టుకొంటారు. ఈ నియమాలను ఎవరో గుర్తుచేసేదాకా ఆగకుండా తామే పాటించే స్వభావం ఏ పట్టా వల్లా రాదు.

అయిదవది, విని, కారణం రాయగలగడం. పెద్ద కంపెనీ తరఫున పదిమంది నిపుణులు వస్తారు. బిల్లు కట్టే ఇల్లాలి తరఫున ఒక్కోసారి ఎవరూ రారు. ఉభయుల మాటా విని, నిర్ణయం ఎందుకు తీసుకొన్నదీ సామాన్యుడికి అర్థమయ్యే భాషలో రాయడం న్యాయవాద వృత్తి నేర్పే మంచి విద్య. కారణం రాసిన నిర్ణయాన్ని సవాలు చేయవచ్చు, సరిదిద్దవచ్చు. కారణం లేనిదానిని భరించడమే తప్ప చేయగలిగినది లేదు.

మన దేశంలో

ఈ చర్చ భారతదేశంలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2003 విద్యుత్ చట్టం కేంద్ర నియంత్రణ కమిషన్‌లో ఇంజనీరింగ్ నుండి ఒకరు, ఆర్థిక వ్యవహారాల నుండి ఒకరు, ఆర్థికశాస్త్రం, వాణిజ్యం, న్యాయశాస్త్రం, నిర్వహణ శాస్త్రాల నుండి ఇద్దరు ఉండాలన్నది. అంటే న్యాయశాస్త్రం ఒక వికల్పం మాత్రమే. కాని ఈ కమిషన్లు ధరలు నిర్ణయించడమే కాక, ఉత్పత్తిదారులకు, పంపిణీ సంస్థలకు మధ్య తగవులు కూడా తీరుస్తాయి. తగవు తీర్చే పీఠంపై చట్టం తెలిసినవారు లేకపోవడం తగదని, ప్రతి కమిషన్‌లోను కనీసం ఒకరు న్యాయరంగానికి చెందినవారై ఉండాలని 2018 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. న్యాయాధికారిగా పనిచేసినవారు గాని, జడ్జిగా నియమితులు కాదగినంత అనుభవమున్న న్యాయవాది గాని అందుకు అర్హులని వివరించింది. అధ్యక్షుడు తప్పనిసరిగా జడ్జియే కావాలనలేదు.

తెలుగువారికి ఈ విషయం పుస్తకాలలోది కాదు. 1998 నాటి సంస్కరణ చట్టంతో 1999 ఫిబ్రవరి 1న ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు విడిపోయింది. నియంత్రణ కమిషన్ ఏర్పడింది. 2000 సంవత్సరంలో ఛార్జీల పెంపుపై రాష్ట్రమంతటా ఉద్యమం రేగి, ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్ వద్ద జరిగిన పోలీసు కాల్పులలో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఒక యూనిట్ ధరలో కొన్ని పైసల తేడా వెనుక ఎన్ని జీవితాలు ముడిపడి ఉంటాయో చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

నేడు సర్వర్ల కేంద్రాలు, విద్యుత్ కార్లు, మండే వేసవులు గిరాకీని పెంచుతున్నాయి. కొత్త తీగల ఖర్చు ఎవరు భరించాలి, కరవు వేళ ఎవరికి ముందు కోత పెట్టాలి అన్న ప్రశ్నలు ఈ మండళ్ళ ముందుకే వస్తాయి. వీటి సమావేశాలలో అనేకం అందరికీ తెరిచే ఉంటాయి. ప్రజల అభిప్రాయాలను స్వీకరిస్తాయి. మన ఇళ్ళలో ఇంజనీర్లకు కొదవ లేదు. న్యాయశాస్త్రం వైపు అడుగులేస్తున్న రెండవ తరం పిల్లలు కూడా ఇప్పుడు కనిపిస్తున్నారు. తండ్రికి తెలిసిన టర్బైను, కూతురికి తెలిసిన చట్టం ఒకే భోజనాల బల్ల దగ్గర కలుసుకొనే ఇళ్ళు మనవి. అటువంటి ఇంటి నుండి రేపు ఎవరైనా ఆ కుర్చీకి అభ్యర్థిగా వెళితే, కాలువ చివరి పొలానికి కూడా నీరందేలా చూసే నీరుకట్టు బాధ్యతను తలకెత్తుకొంటున్నామన్న ఎరుకతో వెళ్ళాలి.